కెర్నెల్ నుంచి తీసేసిన పాత సమయ ఫంక్షన్లు: ఏరియేటర్ డ్రైవర్‌ను ఎలా మార్చాలి?

ప్రశ్న: ఆకివీడు_ఎంబెడెడ్

అందరికీ నమస్కారం. ఉండి, ఆకివీడు, కాళ్ళ మండలాల్లో వనామి చెరువుల గట్ల మీద పెట్టే ఒక కంట్రోల్ పెట్టె సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే పని ఈ మధ్య నా చేతికి వచ్చింది. అందులో 32 బిట్ల ఆర్మ్ బోర్డు, లినక్స్ 4.9 కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం), నీటిలో డి.ఓ. (కరిగిన ఆక్సిజన్) కొలిచే సెన్సర్, ఏరియేటర్ (నీటికి గాలి పట్టించే యంత్రం) మోటార్ల స్టార్టర్లను నడిపే రిలేలు (విద్యుత్ స్విచ్‌లు) ఉన్నాయి. డి.ఓ. మనం పెట్టిన హద్దు కంటే తగ్గితే ఏరియేటర్లు వాటంతటవే తిరగాలి. అయితే ఒకసారి ఆగిన మోటారును మూడు నిమిషాలు గడిచాకే మళ్ళీ తిప్పాలి. ఈ రెండు పనులూ చేసే కెర్నెల్ డ్రైవర్‌ను పెట్టె తయారుచేసినవారే రాసి ఇచ్చారు. వారు ఇప్పుడు ఆ సరుకు అమ్మడం మానేశారు, సోర్సు మాత్రం మా దగ్గర ఉంది.

4.9 వరుసకు 2023 జనవరితో సవరణలు రావడం ఆగిపోయింది. పెట్టెలన్నీ 4జీ మీద నెట్‌వర్కుకు కలిసి ఉండేవే కనుక 6.6 వరుసకు మారాలని నిర్ణయించుకున్నాం. కొత్త కెర్నెల్ మీద ఈ డ్రైవర్‌ను కంపైల్ చేస్తే మొదటి లైన్ల దగ్గరే ఆగిపోతోంది. 'డు_గెట్‌టైమ్‌ఆఫ్‌డే' లేదంటుంది, 'స్ట్రక్ట్ టైమ్‌వాల్' (సమయాన్ని దాచే నిర్మాణం) అంటే ఏమిటో తెలియదంటుంది, 'ఇనిట్_టైమర్' అనే టైమర్ ఫంక్షన్ కూడా లేదంటుంది. వెతికితే చాలామంది ఒకే ఉపాయం చెబుతున్నారు: పాత పేర్లతోనే చిన్న ఫంక్షన్లు రాసి, లోపల కొత్తవాటిని పిలిచే ఒక హెడర్ ఫైలు కలపమంటున్నారు. అలా చేస్తే కంపైల్ అవుతోంది, డ్రైవర్ లోడ్ కూడా అవుతోంది.

నా సందేహాలు రెండు. ఏళ్ళ తరబడి పనిచేసిన ఫంక్షన్లను కెర్నెల్ వారు అసలు ఎందుకు తీసేశారు? ఆ హెడర్‌తో సరిపెట్టుకోవడంలో నష్టం ఏమైనా ఉందా?

దీనితో సంబంధం ఉందో లేదో గాని, రైతుల నుంచి తరచుగా వస్తున్న ఒక ఫిర్యాదును కూడా ఇక్కడే రాస్తున్నాను. రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని పెట్టెల్లో ఏరియేటర్లు మూడు నిమిషాల తర్వాత తిరగడం లేదు, అంతకంటే చాలా ఆలస్యమవుతోంది. డి.ఓ. అట్టడుగుకు చేరేది తెల్లవారుజామునే కాబట్టి ఆ ఆలస్యం రొయ్యకు ప్రాణాంతకం. డ్రైవర్‌లో ఆ భాగం చూడటానికి సరళంగానే ఉంది. మోటారు ఆపినప్పుడు 'డు_గెట్‌టైమ్‌ఆఫ్‌డే'తో సమయం తీసి దాచుకుంటుంది. తిప్పే ముందు మళ్ళీ సమయం తీసి, దాచినదాన్ని అందులోంచి తీసివేసి, 180 సెకన్లు దాటిందా అని చూస్తుంది. బోర్డు బూట్ అయినప్పుడు కూడా మోటారు అప్పుడే ఆగినట్టు లెక్కించి సమయం రాసుకుంటుంది.

సమాధానం: కాకినాడ_కెర్నెల్

ఆకివీడు గారూ, మీరు చివర వేరుగా రాసిన ఫిర్యాదులోనే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది.

'డు_గెట్‌టైమ్‌ఆఫ్‌డే' ఇచ్చేది తేదీతో ముడిపడిన సమయం, అంటే 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లు, మైక్రోసెకన్లు. ఆ సమయాన్ని ఎవరైనా మార్చవచ్చు. ఎన్‌టీపీ ప్రోగ్రాం (నెట్‌వర్కు నుంచి సరైన సమయం తెచ్చేది) దాన్ని ముందుకు గాని వెనక్కి గాని జరుపుతుంది, అడ్మిన్ చేత్తో దిద్దుతాడు, బూట్ సమయంలో ఆర్‌టీసీ చిప్ (బ్యాటరీతో నడిచే గడియారం) నుంచి కూడా విలువ వచ్చి పడుతుంది. మీ పెట్టెలో జరుగుతున్నది ఇలా ఉంటుందని నా అంచనా. కరెంటు వచ్చాక బోర్డు లేస్తుంది. ఆర్‌టీసీ చిప్ ఇరవై నిమిషాలు ముందు నడుస్తోందనుకోండి. అసలు సమయం నాలుగు గంటలైతే డ్రైవర్ నాలుగూ ఇరవై అని రాసుకుంటుంది. కొద్దిసేపటికి 4జీ కలుస్తుంది, ఎన్‌టీపీ గడియారాన్ని నాలుగు గంటల దగ్గరికి వెనక్కి తెస్తుంది. ఇప్పుడు తీసివేత చేస్తే గడిచిన కాలం రుణ సంఖ్యగా వస్తుంది, మూడు నిమిషాలు కావలసిన చోట దాదాపు ఇరవైమూడు నిమిషాలు వేచి ఉంటుంది. ఆర్‌టీసీ బ్యాటరీ పూర్తిగా అయిపోయిన పెట్టెలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది: బోర్డు 1970లో లేచి, ఎన్‌టీపీ రాగానే ఐదు దశాబ్దాలకు పైగా ముందుకు దూకుతుంది. అప్పుడు మూడు నిమిషాల విరామం లేకుండానే మోటారు తిరుగుతుంది. మీరు ఆలస్యాన్ని గమనించారు, వైండింగ్ కాలిపోయిన మోటార్లు కూడా ఉన్నాయేమో విచారించండి.

మీకు కావలసింది ఇప్పుడు ఎన్ని గంటలైందన్న సమాచారం కాదు, మోటారు ఆగి ఎంతసేపైందన్నదే. దానికి కెర్నెల్‌లో 'కెటైమ్_గెట్' ఉంది. అది మోనోటోనిక్ (ఎప్పుడూ ముందుకే నడిచే) గడియారాన్ని చదువుతుంది, ఎన్‌టీపీ దాని వేగాన్ని స్వల్పంగా సరిచేస్తుందే తప్ప ఎవరూ దాన్ని వెనక్కి తిప్పలేరు. బోర్డు సస్పెండ్‌లోకి (నిద్ర స్థితిలోకి) వెళ్ళే అవకాశం ఉంటే 'కెటైమ్_గెట్_బూట్‌టైమ్' వాడండి, ఎందుకంటే మోనోటోనిక్ గడియారం సస్పెండ్ కాలాన్ని లెక్కలో వేసుకోదు, బూట్‌టైమ్ వేసుకుంటుంది. మూడు నిమిషాల వంటి మొరటు లెక్కకు జిఫీస్ (కెర్నెల్ గడియారపు టిక్కుల లెక్క) కూడా చాలు, అయితే పోలికను నేరుగా పెద్ద చిన్న గుర్తులతో చేయకుండా 'టైమ్_ఆఫ్టర్' మాక్రోతోనే చేయాలి. 32 బిట్ల బోర్డులో టిక్కు వేగం సెకనుకు 250 అయితే జిఫీస్ సుమారు 199 రోజులకు ఒకసారి నిండి మళ్ళీ సున్నాకు వస్తుంది. ఇలాంటి తప్పులు నెలల తర్వాత గాని బయటపడవు కాబట్టి, బూట్ అయిన ఐదు నిమిషాలకే జిఫీస్ ఒకసారి చుట్టు తిరిగేలా ప్రారంభ విలువను కెర్నెల్ వారు కావాలనే అలా పెట్టారు. అందువల్ల బెంచి మీద ఏ పరీక్ష చేసినా బోర్డును ఐదు నిమిషాలు దాటే వరకు నడవనివ్వండి.

ఇక హెడర్ సంగతి. ఆ హెడర్ లోపల పిలిచేది తేదీ సమయం ఇచ్చే 'కెటైమ్_గెట్_రియల్_టీఎస్64'నే. అంటే ఇప్పుడున్న తప్పు యథాతథంగా కొత్త కెర్నెల్‌లోకి వస్తుంది, పైగా ఇకమీదట కంపైలర్ దాని గురించి హెచ్చరించదు. మీ డ్రైవర్‌లో ఆ పాత పిలుపు ఉన్న ప్రతి చోటునూ తెరిచి, ఇక్కడ కావలసింది తేదీయా, గడిచిన కాలమా అని నిర్ణయించి రాయడమే నేను సూచించే దారి. చిన్న డ్రైవరే కనుక అది పెద్ద శ్రమ కాదు.

సమాధానం: అమలాపురం_ఆక్వా

పై సమాధానంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను, కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. పంట మధ్యలో, ముఖ్యంగా రొయ్య మంచి కౌంట్‌కు వచ్చిన చెరువుల్లో, కెర్నెల్‌నూ డ్రైవర్‌నూ ఒకేసారి మార్చవద్దు. కాలువలు కట్టేశాకే లాకులకు మరమ్మతు చేసినట్టు, పట్టుబడి అయి చెరువు ఎండబెట్టిన చోట ముందుగా మార్చి, రిలేలకు మోటారు బదులు బల్బులు తగిలించి చూడండి. అంతవరకు రైతులు స్టార్టర్‌ను చేత్తో నొక్కే వీలు ఉంచాలి. అత్యవసరంగా 6.6కు మారవలసి వస్తే కొద్దికాలం ఆ హెడర్‌ను వాడటంలో అంత పెద్ద ప్రమాదం ఉందని నాకు అనిపించడం లేదు. ఉన్న తప్పు ఉన్నట్టే ఉంటుంది గాని కొత్త తప్పు చేరదు కదా.

సమాధానం: రాజమహేంద్రవరం_సిస్టమ్స్

అమలాపురం గారి జాగ్రత్త సరైనదే, చివరి మాటతో మాత్రం నేను విభేదిస్తాను. కారణం చెప్పాలంటే ఈ తొలగింపు ఎలా జరిగిందో కొంత వివరంగా రాయాలి. ఆకివీడు గారి మొదటి సందేహానికి కూడా అదే జవాబు అవుతుంది.

అందరికీ తెలిసిన కారణం 2038. 32 బిట్ల యంత్రాల్లో సెకన్లను గుర్తుతో కూడిన 32 బిట్ల సంఖ్యలో దాచేవారు. దాని గరిష్ఠ విలువ 2147483647. మన సమయం ప్రకారం 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు అది నిండిపోతుంది, మరుసటి సెకనుకు తేదీ 1901లోకి పడిపోతుంది. దీన్ని దిద్దడానికి 2014లో వచ్చిన 3.17 కెర్నెల్‌లో 64 బిట్ల సెకన్లతో 'టైమ్‌స్పెక్64' అనే కొత్త నిర్మాణాన్ని ప్రవేశపెట్టారు. సమయ విభాగాన్ని చూసే జాన్ స్టుల్ట్స్, థామస్ గ్లైక్స్‌నర్, ఈ మార్పును చివరిదాకా నడిపించిన ఆర్ండ్ బెర్గ్‌మన్, ఫైల్ సిస్టమ్‌లలోని కాలముద్రలను మార్చిన దీపా దినమణి వంటివారు ఆ తర్వాత ఏళ్ళ తరబడి శ్రమించారు. చిన్న చిన్న డ్రైవర్లను మార్చినవారిలో ఔట్‌రీచీ కార్యక్రమం ద్వారా వచ్చిన కొత్తవారూ ఉన్నారు. మన ప్రాంతంలోని ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు ఈ విషయాన్ని గమనించాలని నా కోరిక, ఎందుకంటే కెర్నెల్‌లోకి తొలి అడుగు పెట్టడానికి ఇలాంటి శుభ్రపరిచే పని కంటే మంచి దారి నాకు కనిపించదు.

ఇక్కడ నేను ముఖ్యంగా చెప్పదలచినది వారు అనుసరించిన క్రమం గురించి. మొదట కొత్త ఫంక్షన్లు పక్కన చేర్చారు. తర్వాత పాతవాటిని వాడే ప్రతి చోటును ఒక్కొక్కటిగా మార్చారు. మిగిలిన పాత ఫంక్షన్లను ఒక ప్రత్యేక హెడర్‌లోకి నెట్టి, కొత్తగా ఎవరూ వాడవద్దని రాశారు. కెర్నెల్ మొత్తంలో వాడేవారు ఒక్కరూ మిగలనప్పుడు చెరిపేశారు. 2019 మార్చిలో వచ్చిన 5.0 నాటికి 'డు_గెట్‌టైమ్‌ఆఫ్‌డే' పోయింది. అదే ఏడాది మేలో వచ్చిన 5.1లో 32 బిట్ల యంత్రాలకు 64 బిట్ల సమయంతో కొత్త సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రాంలు కెర్నెల్‌ను అడిగే దారులు) చేరాయి. 2020 మార్చిలో వచ్చిన 5.6లో పాత 'టైమ్‌వాల్', 'టైమ్‌స్పెక్' నిర్మాణాలు కెర్నెల్ లోపలి వాడుక నుంచి తప్పుకున్నాయి. మీకు కనబడని 'ఇనిట్_టైమర్' కథ వేరు. అది 4.15లో, కేస్ కుక్ చేసిన భద్రతా మార్పులలో భాగంగా, 'టైమర్_సెటప్'కు చోటిచ్చి వెళ్ళిపోయింది.

పేర్లు మార్చడమే పని అయితే కాక్సినెల్ అనే ఉపకరణంతో ఒక్క పూటలో అయిపోయేది. ఒక నమూనా రాసి ఇస్తే అది వేల ఫైళ్ళలో ఆ రూపాన్ని వెతికి మార్చగలదు. ఆ చోట తేదీ కావాలా, గడిచిన కాలం కావాలా అన్నది మాత్రం దానికి తెలియదు. మనిషి చదివితేనే తెలుస్తుంది. ఏళ్ళు పట్టింది ప్రధానంగా ఆ చదవడానికే. చదివిన చోట్ల 2038తో ఏ సంబంధమూ లేని, ఈ రోజే నష్టం చేస్తున్న తప్పులు ఎన్నో దొరికాయి. మీ ఏరియేటర్‌లో ఉన్నదీ ఆ కోవలోదే. ఆ పాత ఫంక్షన్ అలాగే ఉండి ఉంటే మీరు డ్రైవర్‌ను ఒక్క అక్షరం మార్చకుండా 6.6 మీదికి తెచ్చి ఉండేవారు, రైతుల ఫిర్యాదును కరెంటు మీదో స్టార్టర్ మీదో నెట్టి ఉండేవారు. హెడర్ ఉపాయం ఆ అవకాశాన్ని తిరిగి తెస్తుంది, కొద్దికాలం అనుకున్నది పెట్టె పాతబడేదాకా ఉండిపోతుంది. అందుకే నేను ఒప్పుకోలేను.

ఇదే విభాగంలో మరింత పాతదైన మరో తొలగింపు ఉంది. పూర్వం కెర్నెల్ సమయాన్ని టిక్కు టిక్కుకీ పెంచుకుంటూ పోయేది. సెకనుకు వంద టిక్కులైతే మధ్యలో పది మిల్లీసెకన్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఎవరైనా సమయం అడిగితే, చివరి టిక్కు తర్వాత ఎంత గడిచిందో హార్డ్‌వేర్ కౌంటర్ చూసి చెప్పే ఫంక్షన్‌ను ఒక్కో ప్లాట్‌ఫారం తనకు తోచినట్టు రాసుకునేది. ఇంటరప్ట్‌లు (హార్డ్‌వేర్ నుంచి వచ్చే సంకేతాలు) కాస్త ఎక్కువసేపు మూసి ఉంటే టిక్కు తప్పిపోయేది, లెక్క చెడేది. 2006 నుంచి స్థిరపడుతూ వచ్చిన క్లాక్‌సోర్స్ పద్ధతిలో కెర్నెల్ ఎడతెగకుండా నడిచే కౌంటర్‌నే నేరుగా చదువుతుంది, టిక్కు తప్పినా సమయం తప్పదు. అయినా పాత పద్ధతిని పట్టుకున్న కొద్ది యంత్రాల కోసం ఆ మార్గం 2020 దాకా బతికింది. చివరికి ఆర్ండ్ బెర్గ్‌మన్ మిగిలినవాటిలో కొన్నిటిని కొత్త పద్ధతికి మార్చి, వాడేవారు లేని ఈబీఎస్‌ఏ110 అనే పాత ఆర్మ్ ప్లాట్‌ఫారాన్ని తొలగించి, ఆ దారిని మూసేశారు. ఆ మార్పులు 5.11లో చేరాయి. మీ బోర్డు ఎప్పటినుంచో క్లాక్‌సోర్స్ మీదే నడుస్తోంది కాబట్టి మీకు దీనితో పని లేదు. అయినా ఎందుకు రాశానంటే, ఎవరో ఇద్దరి కోసం ఒక పాత దారిని ఉంచితే సమయ విభాగంలో ప్రతి మార్పు చేసేవారూ ఆ దారిని కూడా గుర్తుంచుకుని పరీక్షించాలి, వారి దగ్గర ఆ యంత్రం ఉండదు. ఆ భారాన్ని దించడమే తొలగింపు.

ప్రశ్న అడిగినవారి స్పందన: ఆకివీడు_ఎంబెడెడ్

అందరికీ కృతజ్ఞతలు. కాకినాడ గారు చెప్పింది నిజమే. బెంచి మీద ఎన్‌టీపీ ఆపి, చేత్తో గడియారాన్ని వెనక్కి జరిపి చూశాను, జరిపినంత మేరా మోటారు ఆలస్యమైంది. ఆ చోటును 'కెటైమ్_గెట్'కు మార్చాక గడియారాన్ని ఎటు జరిపినా సరిగ్గా మూడు నిమిషాలకే తిరుగుతోంది. హెడర్‌ను తీసేశాను.

ఇప్పుడు రెండు చిక్కులు మిగిలాయి. మిల్లీసెకన్ల కోసం 64 బిట్ల సంఖ్యను మామూలుగా భాగించిన చోట కంపైల్ అయినా, లింకు దశలో భాగహారానికి సంబంధించిన ఏదో ఫంక్షన్ దొరకలేదంటోంది. రెండోది, డి.ఓ. రీడింగ్‌లను పై ప్రోగ్రాంకు పంపే, ప్రోగ్రాంకూ డ్రైవర్‌కూ మధ్య పిలుపు అయిన ఐఓసీటీఎల్‌లో 'టైమ్‌వాల్' ఉంది. ఇక్కడ రైతుకు చూపించాల్సింది తేదీ, సమయమే కాబట్టి తేదీ గడియారమే కావాలి. కానీ ఆ నిర్మాణాన్ని మారిస్తే ఇప్పటికే చెరువుల మీద ఉన్న పాత ప్రోగ్రాంలు ఏమవుతాయి?

సమాధానం: కాకినాడ_కెర్నెల్

మొదటిది 32 బిట్ల ఆర్మ్‌లో అందరికీ ఎదురయ్యేదే. 64 బిట్ల భాగహారానికి కంపైలర్ తన సహాయక లైబ్రరీలోని ఫంక్షన్‌ను పిలుస్తుంది, కెర్నెల్ దాన్ని కావాలనే కలపదు, ఖర్చైన భాగహారం ఎవరికీ తెలియకుండా దూరకూడదని. మీకు మిల్లీసెకన్ల తేడా మాత్రమే కావాలంటే 'కెటైమ్_ఎంఎస్_డెల్టా' ఉంది, ఇతర చోట్ల 'డివ్_యూ64' వాడండి. అక్కడే పాత కోడులో సెకన్లను వెయ్యితో గుణించి 32 బిట్ల సంఖ్యలో పెట్టిన లైన్లు ఉంటాయి, చూసుకోండి. నేటి సెకన్ల విలువను వెయ్యితో గుణిస్తే అది 32 బిట్లలో పట్టదు, రెండు విలువల తేడా తీస్తే పొంగిపోయిన భాగం కొట్టుకుపోయి సరైన జవాబే రావచ్చు కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడి ఉండదు.

రెండోది జాగ్రత్తగా చేయాలి. కెర్నెల్ లోపలి ఫంక్షన్లను ఎప్పుడైనా తీసేయవచ్చు గాని, యూజర్ ప్రోగ్రాంలకు ఇచ్చిన రూపాన్ని చెడగొట్టకూడదన్నది లినక్స్‌లో గట్టి నియమం. ప్రోగ్రాంలు వాడే గెట్‌టైమ్‌ఆఫ్‌డే సిస్టమ్ కాల్ ఈనాటికీ పనిచేస్తూ ఉండటానికి కారణం అదే. మీరూ అదే పాటించండి. పాత ఐఓసీటీఎల్‌ను కదిలించకుండా, సెకన్లకూ మైక్రోసెకన్లకూ రెండు 32 బిట్ల గళ్ళున్న సొంత నిర్మాణంతో అలాగే ఉంచండి. పక్కన కొత్త ఐఓసీటీఎల్ పెట్టి, అందులో 1970 నుంచి నానోసెకన్లను గుర్తుతో కూడిన ఒకే 64 బిట్ల గడిగా ఇవ్వండి. దాన్ని 'కెటైమ్_గెట్_రియల్_ఎన్‌ఎస్' నేరుగా ఇస్తుంది, 2262 వరకు నిండదు. మీరు ఐఓసీటీఎల్ సంఖ్యను మామూలు మాక్రోలతో తయారుచేసి ఉంటే నిర్మాణం పరిమాణం ఆ సంఖ్యలోనే ఇమిడి ఉంటుంది, కాబట్టి పరిమాణం మారితే సంఖ్య మారిపోతుంది, పాతా కొత్తా ఒకదానితో ఒకటి కలవవు. ఆ 64 బిట్ల గడిని నిర్మాణంలో మొదట పెట్టి, చివర ఖాళీ ఉంటే దాన్ని మీరే ఒక గడిగా రాసి సున్నాతో నింపండి, లేకపోతే కెర్నెల్ మెమరీ ముక్కలు పైకి కారే ప్రమాదం ఉంది.

పై ప్రోగ్రాంను కూడా మళ్ళీ కంపైల్ చేసే వీలుంటే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.34 లేదా ఆ తర్వాతిది తీసుకుని, 64 బిట్ల సమయాన్ని ఎంచుకోండి, అది 32 బిట్ల యంత్రంలో అడిగితేనే వస్తుంది. మరో సీ లైబ్రరీ మజిల్ వాడుతుంటే 1.2 నుంచి అదే అలవాటుగా వస్తుంది. ఆపైన బెంచి మీది బోర్డులో ఎన్‌టీపీ ఆపి, తేదీని 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 40 నిమిషాలకు పెట్టి, 8:44 దాటే వరకు రీడింగ్‌లు తీసుకోండి. రీడింగ్‌ల ఫైలు ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మీద ఉంటే ఐనోడ్ (ఫైలు వివరాలు దాచే గడి) పరిమాణం 128 బైట్లా 256 బైట్లా అన్నది ముందే చూడండి. 128 అయితే ఫైలు తేదీలు 2038 దాటవు, అది మీ డ్రైవర్ తప్పు అనుకుని వెతుకుతూ కూర్చుంటారు.

సమాధానం: అమలాపురం_ఆక్వా

రాజమహేంద్రవరం గారి వివరణ చదివాక హెడర్ విషయంలో నా అభిప్రాయం మార్చుకున్నాను. ఆకివీడు గారూ, కొత్త డ్రైవర్‌ను చెరువు మీద పెట్టేటప్పుడు ఆర్‌టీసీ బ్యాటరీ తీసేసిన పెట్టెను కూడా ఒకటి పరీక్షలో చేర్చండి. తీరం వైపు ఉప్పుగాలికి బ్యాటరీ గూడు తుప్పు పట్టి, 1970లో లేచే పెట్టెలు మొగల్తూరు, నరసాపురం వైపు తప్పకుండా ఉంటాయి. పరీక్షలో కరెంటు తీసి పెట్టడాన్ని 4జీ కలిసే లోపు ఒకసారి, కలిసిన వెంటనే ఒకసారి చేసి చూడండి.